తొట్టిలో పడ్డ అమ్మ చీర

ముందు ఆ కత్తెర అటు పెట్టండి. చంటీ, నీ మోచేతికి ఇంకా మైదా జిగురు అంటుకునే ఉంది, పక్కంతా పులుముతావు, వెళ్ళి కడుక్కురా. పొద్దుట్నించీ గ్రీటింగు కార్డులు చేస్తామని ఇల్లంతా కాగితం ముక్కలు చేసి పారేశారు, ఊడ్చలేక నా నడుం పడిపోయింది. నాకివాళ కోపంగా ఉంది. కోపంగా ఉన్నప్పుడు నాకు కోపం కథే వస్తుంది, రెక్కల గుర్రం కథ రాదు. ఇష్టమైతే వినండి, లేకపోతే అటు తిరిగి పడుకోండి.

వింటారా? అయితే ఊ కొట్టాలి మరి. ఊ ఆగిందంటే కథ ఆగిపోతుంది, తరవాత కాళ్ళు పట్టుకున్నా చెప్పను.

అనగనగా, అనగనగా, ఏటిగట్టు మీద ఒక ఊరుందిట. ఊరంటే మామూలు ఊరు కాదు, ఏ ఇంటికెళ్ళినా కాగితం చేసేవాళ్ళే. పాత నూలు గుడ్డలు తెచ్చి, రంగు అంచులు చింపి పక్కన పడేసి, మిగతాది ముక్కలు చేసి, సున్నపు నీళ్ళలో నానేసి, ఏట్లో జాడించి, రోట్లో వేసి దంచి, దంచి, దంచి... ఊ కొడుతున్నారా? ఇంకా దంచి, వెన్నలా అయ్యాక తొట్టి నీళ్ళలో కలిపేవారుట. ఆ నీళ్ళలో పల్చటి వెదురు చట్రం ముంచి పైకెత్తితే నీళ్ళు కిందికి, కాగితం పైకి. దాన్ని గోడకి అతికించి, ఎండాక గంజి రాసి, నున్నటి రాయితో రుద్దేవారు. ఆ కాగితంతో శుభలేఖలు, శుభలేఖలు పెట్టే కవర్లు, అక్షింతలు పోసే బుల్లి సంచులు, పెళ్ళికొచ్చినవాళ్ళ చేతిలో పెట్టే కానుకల డబ్బాలు, ఎన్ని చేసేవారో! అన్నీ మడతల్తోనే నిలబడేవి. జిగురు చుక్క తగలనిచ్చేవారు కాదు. మీలాగా మోచేతులదాకా పులుముకునేవాళ్ళు కాదులే.

ఆ ఊరి పిల్లలు ఒక పాట పాడుకునేవారుట. చీర చిరిగితే గుడ్డ, గుడ్డ నానితే గుజ్జు, గుజ్జు తేలితే కాగితం, కాగితం మడిస్తే కవరు, కవరు చేరితే కబురు, కబురు చేరితే పెళ్ళి, పెళ్ళికెళితే చీర, చీర చిరిగితే గుడ్డ! అని మళ్ళీ మొదటికొచ్చేవారు. బావుందా? రేపు పాడుకోండి, ఇప్పుడు కాదు.

ఆ ఊళ్ళో ఒక పద్ధతి ఉండేది. ఇది బాగా వినండి, కథంతా దీని మీదే నడుస్తుంది. ఎవరి గుడ్డైనా తొట్లో వెయ్యాలంటే కట్టుకున్నవాళ్ళని అడిగి తీరాలి. గుమ్మంలోంచి ఒక అరుపు అరిచి పట్టుకుపోవడం కాదు. పళ్ళెంలో పసుపూ తమలపాకూ పెట్టుకుని వెళ్ళి, ఎదురుగా నిలబడి, "ఈ గుడ్డ నాకిస్తావా?" అని అడగాలి. వాళ్ళు "ఇచ్చాను, కాగితమై కలకాలం ఉండమను" అంటేనే ముట్టుకోవాలి. కట్టుకున్న మనిషి పోతే ఆ మనిషి పిల్లల్ని అడగాలి. రోట్లో పడ్డాక ఇక వెనక్కి తేలేం కదా, అందుకని పెద్దవాళ్ళు పెట్టిన పద్ధతి అది.

ఆ ఊళ్ళో సూరాంబ అని ఒకావిడ ఉండేది. కాగితం చెయ్యడంలో ఆవిడని మించినవాళ్ళు లేరు. ఆవిడ వేళ్ళకి ఒక జబ్బు ఉండేది. మెత్తటి పాత గుడ్డ కనిపిస్తే ఊరుకోలేకపోయేది. పేరంటాల్లో పక్కనున్న ఆడవాళ్ళ కొంగు పట్టుకుని నలిపి, "ఇంకొక్క ఏడాది కట్టుకో అమ్మా, అప్పుడు నా రోటికి సరిగ్గా పక్వానికొస్తుంది" అనేదిట. అందుకని పేరంటంలో ఆవిడ పక్కన ఎవరూ కూచునేవారు కాదు.

ఆవిడకి ఒక్కడే కొడుకు, కోటిలింగం. కోడలు పేరిందేవి. పేరిందేవికి తల్లి లేదు, పెళ్ళైన మరుసటేడే పోయింది. తల్లి చీర ఒకటి తన బట్టల పెట్టి అడుగున దాచుకుంది. తెల్లటి నూలు చీర, ఎర్రటి అంచు. తల్లి రోజూ కట్టుకుని, ఉతుక్కుని, మళ్ళీ కట్టుకుని, ఉల్లిపొరలా చేసేసిందిట దాన్ని. పేరిందేవి ఎప్పుడూ కట్టుకోలేదు. మనసు బాగుండనప్పుడు పెట్టి తెరిచి, ఆ చీరలో మొహం పెట్టుకుని కాసేపు కూచునేది. అంతే. అంతకంటే ఆ చీరతో ఆవిడకి పనేం లేదు. అంతకంటే ఏం కావాలి?

ఇలా ఉండగా ఆ దేశపు రాజుగారికి కూతురి పెళ్ళి వచ్చిపడింది. శుభలేఖలూ కవర్లూ కానుకల డబ్బాలూ అన్నీ సూరాంబ ఇంటి నుంచే రావాలని కబురు పంపాడు. పంపినవాడు ఊరుకున్నాడా? డబ్బా తామర మొగ్గలా విచ్చుకోవాలిట, మడత మీద మడత ఉండాలిట, ఎక్కడా పగులు కనపడకూడదుట. రాజుగారికేం, నోటితో చెప్పేస్తాడు. సూరాంబ ఉన్న కాగితమంతా మడిచి చూసింది. మొదటి మడత బాగానే వచ్చింది, రెండో మడత ఊ అంది, మూడో మడతకి మూల పుటుక్కున పగిలింది. ఇంకా మెత్తటి గుడ్డ కావాలి. బాగా నలిగి, బాగా అరిగిన గుడ్డ కావాలి.

ఆ సమయానికి పేరిందేవి పిన్నికూతురి ఇంట్లో బారసాలకని వారం రోజులు వెళ్ళింది. సూరాంబ తన పెట్టి వెతికింది, కొడుకు పెట్టి వెతికింది, ఆ తరవాత కోడలి పెట్టిలో చెయ్యి పెట్టింది. అడుగున వేళ్ళకి తగిలింది చీర. అబ్బ, అనుకుంది. ఇంత మెత్తటి గుడ్డ నా జన్మలో ముట్టుకోలేదు అనుకుంది. పైగా ఏమనుకుందో తెలుసా? కాగితాలవాళ్ళ ఇళ్ళలో మంచి గుడ్డ దొరికితే మంచి పని వచ్చేదాకా దాచి పెడతారు. కోడలు కూడా అలాగే దాచి ఉంటుంది, తెలివైన పిల్ల, అనుకుని మురిసిపోయింది. మురిసిపోయి చర్రున అంచు చింపేసింది.

ఊ ఏదీ? పద్దూ, ఏడవకు. ఏడిచే కథ కాదిది, కోపం కథ. నాకెన్నిసార్లు చెప్పినా ఇక్కడికొచ్చేసరికి ఒళ్ళు మండిపోతుంది. కోడలొచ్చేదాకా ఆగి, ఒక్క మాట, ఒక్క మాట అడిగితే ఆవిడ నోరు అరిగిపోతుందా?

పేరిందేవి తిరిగొచ్చి కాళ్ళు కడుక్కుంటూ చూసింది. పెరట్లో చిలక్కొయ్యకి ఎర్రటి అంచు వేలాడుతోంది. చెంబు అక్కడే పడేసింది. పరిగెత్తుకెళ్ళి పెట్టి తెరిచింది, ఖాళీ. పరిగెత్తుకెళ్ళి తొట్టి చూసింది, తెల్లటి నీళ్ళు.

"అత్తయ్యా, ఇది ఎవర్నడిగి వేశారు?"

సూరాంబ నవ్వుతూ, ఎంత మంచి గుజ్జు వచ్చిందో చూడవే, రాజుగారింటి పెళ్ళికి సరిగ్గా సరిపోతుంది, అంది. పేరిందేవి మళ్ళీ అడిగింది, ఎవర్నడిగి వేశారని. అప్పటికి కోడలి మొహం చూసి సూరాంబకి సంగతి అర్థమైంది. తప్పైపోయిందనచ్చుగా? అనలేదు. "పాత చీరేగా" అంది.

పేరిందేవి కోటిలింగం దగ్గరికెళ్ళింది. అతనూ "పాత చీరేగా, సంతలో కొత్తది కొంటాను" అన్నాడు. ఇరుగమ్మ గోడ మీంచి తొంగిచూసి, పాత చీరేగా అంది. పొరుగమ్మ నీళ్ళ కడవ దించి, పాత చీరేగా అంది. పసుపూ తమలపాకూ పెట్టి అడగనిదే చింకి గుడ్డ ఇవ్వనివాళ్ళు, అందరూ ఒకే పాట! తమ పెట్టి కాదుగా మరి.

పేరిందేవి మొగుడివైపు తిరిగి, "మీ అమ్మా పాతదేగా, తొట్లో వేసి దంచనా?" అంది.

నవ్వకండి. అంటే అంది. తప్పే, కానీ నేనైనా అదే అనేదాన్ని.

అప్పుడు చూడాలి ఆవిడని. కొంగు నడుముకి చుట్టింది. తొట్టి దగ్గరికెవరైనా వస్తే ఈ చట్రం పెట్టి కొడతానంది. ఆ గుజ్జంతా తనే ఎత్తింది, తన చేత్తోనే గోడకి అతికించింది, తన చేత్తోనే గంజి రాసింది. మా అమ్మ మీద ఇంకొకళ్ళ చెయ్యి పడ్డానికి వీల్లేదంది. ఎత్తుతూ ఎత్తుతూ తిట్టింది. అత్తని తిట్టింది, మొగుణ్ణి తిట్టింది, రాజుని తిట్టింది, ఆ పెళ్ళిని తిట్టింది, పెట్టికి తాళం వెయ్యని తనని తను తిట్టుకుంది. కాగితం ఎలా వచ్చిందనుకున్నారు? మల్లెపూవు రేకలా వచ్చింది. ఎన్ని మడతలు పెట్టినా పగల్లేదు. దూరంగా నిలబడి చూస్తున్న సూరాంబ వేళ్ళు వాటంతటవే కదిలిపోయాయిట.

పేరిందేవి ఆ కాగితాలన్నీ కొట్టుగదిలో పెట్టి తాళం వేసింది, తాళంచెవి మంగళసూత్రానికి కట్టుకుంది, గుమ్మానికి అడ్డంగా పీట వేసుకుని కూచుంది. ఇవి ఎవరికీ ఇవ్వను, ఇదొక్కటే మిగిలింది మా అమ్మది, ప్రాణం పోయినా ఇవ్వను అంది. అత్తతో మాట మానేసింది. వంట చేసి పడేసేది, అత్త విస్తరి గుమ్మంలో పెట్టి వెళ్ళిపోయేది. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండి ఒకళ్ళ నీడ ఒకళ్ళు తొక్కకుండా తిరిగేవారుట.

దివాణం నుంచి పెద్ద తలపాగా ఆయన వచ్చాడు. పట్టుచీరలు గుట్టగా పోశాడు గుమ్మంలో. ఒక్క పాత చీరకి ఇన్ని పట్టుచీరలు, నీ అదృష్టమే అదృష్టం, కాగితం తియ్యమ్మా అన్నాడు.

"అడిగారా?" అంది పేరిందేవి.

"చీరలిస్తున్నాంగా?"

"ఇవ్వడం కాదు. అడిగారా?"

ఆయనకి అర్థం కాలేదు. తలపాగాలోకి ఎక్కలేదు పాపం. రాజుగారు అడగడమేమిటి, రాజుగారు చెబుతారు అన్నాడు. పేరిందేవి ఆ పట్టుచీరలన్నీ రెండు చేతులా ఎత్తి వీధిలోకి విసిరేసింది. ఒకటి ఆయన తలపాగా మీద పడిందిట.

రాజుగారికి కబురెళ్ళింది. సింహాసనం మీంచి లేచి గెంతాడుట. చింకి గుడ్డ కోసం నా మాట కాదంటుందా, పొద్దున్నే వెళ్ళి తాళం పగలగొట్టి తెండి, అడ్డొస్తే ఇల్లు నేలమట్టం చెయ్యండి అన్నాడు. ఆ మాట ఊళ్ళోకి వచ్చేసింది. కోటిలింగం పరిగెత్తుకొచ్చి, ఇచ్చెయ్యవే, బతికుంటే చాలు అన్నాడు. పేరిందేవికి మాత్రం భయం లేదా? ఉంది. కానీ భయం కంటే కోపం ఎక్కువుంది. పీట మీంచి లేవలేదు.

ఊ కొడుతున్నారా, నిద్రొచ్చిందా? ఆఁ, అదీ.

రాజుగారి కూతురు పేరు నీలవేణి. పెళ్ళికూతురు తనే కదా, ఈ గొడవంతా తన చెవిన పడింది. దాసీని అడిగి ఊరి పద్ధతి ఏమిటో కనుక్కుంది. ఆ సాయంత్రం మేనా దూరంగా ఆపి, నడిచొచ్చింది. చేతిలో పళ్ళెం, పళ్ళెంలో పసుపూ తమలపాకూ. పీట ముందు నిలబడింది.

"పేరిందేవమ్మా, మీ అమ్మగారి కాగితం నా పెళ్ళికిస్తావా?"

ఊరంతా గోడల మీంచి చూస్తోంది. అడిగిందిగా, ఇంకేం, ఇచ్చేస్తుంది అనుకున్నారు. సూరాంబ తలుపు చాటునుంచి అమ్మయ్య అనుకుంది.

"ఇవ్వను" అంది పేరిందేవి.

పళ్ళెం పట్టుకున్న నీలవేణి వేళ్ళు బిగిశాయి, రాజుగారి బిడ్డ కదా, కాదన్న మాట ఎప్పుడు విన్నది గనక. తరవాత, "సరేనమ్మా, నీ ఇష్టం" అంది. నడిచొచ్చి దాహంగా ఉంది, కాస్త మజ్జిగ ఉందా అని అడిగింది. మజ్జిగ తాగింది, వెళ్ళొస్తానంది, వెళ్ళిపోయింది. అంతే! బతిమాలలేదు, బెదిరించలేదు, మొహం మాడ్చుకోలేదు.

అప్పుడేడిచిందిట పేరిందేవి. చీర పోయినప్పుడు ఏడవలేదు, పట్టుచీరలు విసిరినప్పుడు ఏడవలేదు, రాజు ఇల్లు కూలుస్తానన్నప్పుడు ఏడవలేదు. నీ ఇష్టం అన్నాక ఏడిచింది. కాదంటే సరే అన్న మనిషి ఆ ఇంట అడుగు పెట్టడం అదే మొదలు మరి.

అక్కడ కోటలో రాజుగారు మండిపడుతున్నాడు. నువ్వెళ్ళి అడగడమేమిటి, అది కాదనడమేమిటి, పైగా మజ్జిగ తాగి రావడమేమిటి, అని గెంతాడు. పొద్దుటిదాకా ఎందుకు, ఇప్పుడే వెళ్ళండి అని భటుల్ని పిలిచాడు. నీలవేణి ఏమంది? ఆగండి నాన్నగారూ, ఆ కాగితం ఎందుకు, మీ తలగడ కింద మెత్తటి పాత ఉత్తరీయం ఉందిగా, అది ఇవ్వండి, అంతకంటే మంచి కాగితమొస్తుంది, అంది.

రాజుగారు గబుక్కున వెళ్ళి తలగడ మీద కూచున్నాడుట.

"అది నాది!"

"పాతదేగా నాన్నగారూ."

"మా నాన్న భుజాన వేసుకున్నది అది!"

"పోనీ కొత్తది కొంటాను. పట్టుది."

"నీ పట్టు ఎవడిక్కావాలి? ఇవ్వనంటే ఇవ్వను!" అని అరిచాడు. కోట దద్దరిల్లిపోయింది. అరిచిన తరవాత నోరు అలాగే తెరుచుకుని ఉండిపోయింది. భటులు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. తలగడ మీద కూచున్న రాజుని చూసి నవ్వాలో, ఊరుకోవాలో తెలీలేదు వాళ్ళకి. రాజుగారు నెమ్మదిగా, మీరు పోయి పడుకోండిరా అన్నాడు. తప్పైందని ఒప్పుకోవడానికి రాజులకి చాలా కాలం పడుతుంది. తలపాగా ఆయన చేత మాత్రం కబురు పంపాడు, ఆ కాగితం జోలికెవరూ రారని.

మరి పెళ్ళో అంటావా? ఆగు, చెబుతున్నాగా. నీలవేణి పళ్ళెం పట్టుకుని కోటలో గుమ్మం గుమ్మానికీ తిరిగింది. వంటలవాళ్ళని అడిగింది, దాసీలని అడిగింది, మేనత్తలని అడిగింది. ఇచ్చినవాళ్ళు ఇచ్చారు, ఇవ్వనన్నవాళ్ళు ఇవ్వలేదు, ఎవర్నీ రెండోసారి అడగలేదు. తను చిన్నప్పుడు కట్టుకున్న పరికిణీలిచ్చింది, అన్నీ మూటగట్టి సూరాంబ ఇంటికి పంపింది. అన్ని రంగులూ కలిసి ఆ గుజ్జు కాస్త గచ్చు రంగులో, మధ్యమధ్య నీలం పోగూ ఎర్ర పోగూ తేలుతూ వచ్చింది. ఆ కాగితం కూడా మూడో మడతకి మూల పగిలేదే. పేరిందేవి పిలవకుండానే లేచింది. మూడో మడత అక్కర్లేని డబ్బా ఆలోచించింది, పక్కలు రెండూ లోపలికి తోసి, పైన మూత పువ్వులా తిప్పి పెట్టింది. కవర్లు చేసింది, అక్షింతల సంచులు చేసింది. అన్నీ చేసింది, సంతోషంగా చేసింది. తామర మొగ్గ కాలేదు, వంకాయలా ఉందని ఎవరో అన్నారుట. అననీ. రాజుగారు మటుకు ఏమీ అనలేదు.

అందరూ సుఖంగా ఉన్నారు. అందరూనా? ఉహుఁ. ఆ ఇంట్లో అత్తాకోడళ్ళకి ఇంకా మాటల్లేవు. రాజుగారి ముందు గెలిచింది కానీ, పేరిందేవి కోపం రాజుగారి మీద కాదుగా. పెట్టిలో చెయ్యి పెట్టింది రాజు కాదు.

పెళ్ళయిపోయింది, బాజాలు ఆగిపోయాయి. ఒకరోజు మధ్యాహ్నం పేరిందేవి కొట్టుగదిలో ఆ తెల్ల కాగితాలు సర్దుకుంటోంది. గుమ్మంలో నీడ పడింది. తలెత్తితే సూరాంబ. చేతిలో పళ్ళెం. పళ్ళెంలో పసుపు, తమలపాకు. పేరిందేవి కాపురానికొచ్చినప్పట్నించీ కోడల్ని ఏదైనా అడిగిన మనిషి కాదావిడ, చెప్పడమే. పళ్ళెం ముందుకు చాపింది.

"అప్పుడడగాల్సింది, ఇప్పుడడుగుతున్నాను. తప్పు నాదే పేరిందేవీ. ఒక్క కాగితం, ఒక్కటంటే ఒక్కటి, ముట్టుకు చూసుకుంటాను. నాకిస్తావా?"

పేరిందేవి ఆవిణ్ణి చూసింది. ఆ వేళ్ళని చూసింది. చీర చింపిన వేళ్ళు అవే.

"ఇవ్వను అత్తయ్యా."

సూరాంబ కళ్ళు ఆ కాగితం మీదే ఉన్నాయి. వేళ్ళు పళ్ళెం అంచుని నలుపుతున్నాయి. ఇది నా ఇల్లు, నా తొట్టి, నా రోలు, అనచ్చు. ఏదో అనబోయింది కూడా. మింగేసింది.

"సరేనే తల్లీ" అంది. అని వెనక్కి తిరిగింది.

పేరిందేవి కాగితాలు పెట్టేసి లేచింది. గుమ్మం దాటుతున్న అత్త చెయ్యి పట్టుకుంది. చాలా రోజులైంది ఆ చెయ్యి పట్టుకుని.

"రండి, ఇద్దరం కలిసి అన్నం తిందాం."

ఆ రోజు ఒకే చోట రెండు విస్తళ్ళు వేసుకుని కూచున్నారు. పప్పులో ఉప్పు ఎక్కువైందని సూరాంబ సణిగిందిట. మీకు నోరు తిన్నగా ఉంటుందా అని పేరిందేవి అందిట. అప్పుడు కోటిలింగం అమ్మయ్య అనుకున్నాడుట, ఇల్లు ఇల్లులా ఉందని.

ఏమిటీ? తరవాతైనా ఇచ్చిందా అంటావా? ఇవ్వలేదు. ఎందుకివ్వాలి? ఆ కాగితాలతో ఏం చేసుకుందా? అది ఆవిడిష్టం. కవరు చేసుకుందో, డబ్బా చేసుకుందో, ఊరికే పెట్టుకుందో, నీకెందుకు, నాకెందుకు?

ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, ఇద్దరూ. అడగడమంటే పళ్ళెం పట్టుకుని నిలబడ్డం కాదు. అవతలివాళ్ళు ఇవ్వనంటే సరే అనగలిగితేనే అడిగినట్టు. లేకపోతే అది లాక్కోవడమే, నోటితో లాక్కోవడం. ఇవ్వనన్నవాళ్ళ మీద అలిగి మూతి ముడుచుకు కూచోవడం కూడా లాక్కోవడమే, చంటీ, వింటున్నావా? ఊ అను.

ఊ అన్నావుగా. ఇంక కళ్ళు మూసుకోండి. కథ కంచి దారి పట్టి వెళ్ళిపోయింది, మనం దుప్పట్లోకి వెళ్ళిపోదాం. పద్దూ, అంత దుప్పటి నువ్వే లాక్కుంటే నాకేదే? ఇస్తావా?

ఇవ్వవూ? సరే. అలాగే పడుకో.